మెక్లస్కీగంజు

మా పాఠకులలో ననేకులు మెక్లస్కీగంజు పేరు విని యుండరు. జార్ఖండు రాష్ట్రమున, రాంచీకి సుమారు 60 కిలోమీటర్ల దూరమున, సాలవృక్షముల నడుమ నున్న పల్లె యది. 1933లో కలకత్తా వర్తకుడగు ఎర్నెస్టు తిమోతి మెక్లస్కీ రాతూ రాజావారి యొద్ద సుమారు 10,000 ఎకరములు సంపాదించి, ఆంగ్లో-ఇండియనులకు స్వస్థాన మొకటి నిర్మింప బూనెను. పాలకులు తమవారని యంగీకరింపని, ప్రజలు నమ్మని యొక చిన్న సమాజము తల దాచుకొన నేల కోరుటను మేము పరిహసింపజాలము. ఆ నేలపై తరతరములుగా బ్రదుకుచున్న ఉరావు, ముండా ప్రజల నెవరడిగిరో యది వేరు మాట.

వందలకొలది కుటుంబములు వచ్చి బంగళాలు కట్టుకొనినవి. బంగళాలు లేచినవి గాని జీవనోపాధి లేవలేదు. రైల్వే, తంతి కొలువుల కలవాటుపడిన చేతులు నాగలి నెట్లు పట్టగలవు? పట్టినను ఆ మెరకకు నీరెక్కడిది? 1947 తరువాత యువకులు ఇంగ్లండునకు, ఆస్ట్రేలియాకు తరలిపోయిరి. నేడు మిగిలిన ఆంగ్లో-ఇండియను కుటుంబములు అత్యల్పము.

1997లో డాన్ బాస్కో పాఠశాల వెలసిన పిదప పెక్కు బంగళాలు విద్యార్థి వసతిగృహము లైనవి. తమ బిడ్డలు దూరదేశముల నుండగా, పరుల బిడ్డలకు వండి వడ్డించుటయే అచటి వారిలో పలువురకు జీవనాధారము. సెలవు లిచ్చిరా, ఆ యిండ్లు మరల నిశ్శబ్దములు.