మందు ఉన్నది, మాత్ర తప్పరాదు

హెచ్.ఐ.వి.కి మందే లేదన్న మాట నేడు చెల్లదు. దానిని ఒంటి నుండి పూర్తిగా తొలగించే ఔషధం ఇంకా రాలేదు గాని, అణచి ఉంచి మనిషిని అందరిలా జీవింపజేసే ఔషధం ఉన్నది. 2004 ఏప్రిల్ 1 నుండి భారత ప్రభుత్వం దానిని ఉచితంగా ఇస్తున్నది. ఈ మాత్రలను తయారుచేసి ఆఫ్రికా ఖండానికి సైతం పంపే హెటెరో, అరబిందో, లారస్ కంపెనీలు మన హైదరాబాదులోనే ఉన్నాయి. పాతబస్తీ వాసులకు చికిత్సా కేంద్రం కూడా దూరం కాదు, అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రిలోనే ఉన్నది. అయినా కొందరి విషయంలో మందు పనిచేయడం మానేస్తున్నది. సూదితో మత్తు ఎక్కించుకునే యువకులకు ఈ ప్రమాదం ఎందుకు కలుగుతున్నదో, దానిలో కుటుంబం పాత్ర ఏమిటో తెలుసుకోవడం అవసరం.

హెచ్.ఐ.వి. క్రిమి ఒంట్లో ప్రతిరోజూ కోట్లాది నకళ్ళను పుట్టిస్తుంది. ఆ నకళ్ళలో తప్పులు దొర్లుతాయి. రక్తంలో మందు నిండుగా ఉన్నంతకాలం తప్పుడు నకళ్ళతో సహా అన్నీ అణగి ఉంటాయి. మాత్ర కొన్ని రోజులు వేసుకుని, కొన్ని రోజులు మానితే రక్తంలో మందు పలచబడుతుంది. అప్పుడు ఆ కొద్దిపాటి మందును తట్టుకోగల నకలు మిగిలి, పెరిగి, ఒళ్ళంతా వ్యాపిస్తుంది. ఆ తరువాత అదే మాత్రను ఎంత శ్రద్ధగా వేసుకున్నా ఫలితం తగ్గిపోతుంది. ఇలా మొండికెత్తిన క్రిమి మరొకరికి సోకితే, వారికి మొదటి రోజు నుండే చికిత్స కష్టమవుతుంది.

1987లో వచ్చిన మొదటి మందు ఏ.జెడ్.టి.ని ఒంటరిగా వాడినందువల్ల, రెండేళ్ళలోనే దానికి లొంగని క్రిమి బయటపడింది. 1996 నుండి మూడు మందులను కలిపి ఇవ్వడం మొదలైంది. నేడు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడూ ఒకే మాత్రలో ఇమిడి ఉన్నాయి. చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలు. డోలుటెగ్రావిర్‌ను ఎదిరించడం క్రిమికి అంత సులభం కాదు. అయితే 2024 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక హెచ్చరిక చేసింది. కొన్ని సర్వేలలో ఈ మందుకు లొంగని క్రిమి 3.9 నుండి 8.6 శాతం వరకు కనబడిందని తెలిపింది. రక్తంలో క్రిమి ఎక్కువగా ఉండగానే పాత మందుల నుండి దీనికి మారినవారిలో అది 19.6 శాతానికి కూడా చేరింది.

మన నగరంలో సూది వ్యసనం తరచుగా ఆసుపత్రి మందులతోనే మొదలవుతున్నది. నొప్పి తగ్గించే పెంటజోసిన్, శస్త్రచికిత్స సమయంలో పడిపోయిన రక్తపోటును పెంచే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్లు దారితప్పి యువకుల చేతికి వస్తున్నాయి. మెఫెంటర్మిన్‌ను జిమ్ములకు వెళ్ళే కుర్రవాళ్ళకు అమ్ముతుండగా అధికారులు పలుమార్లు పట్టుకున్నారు. ఒకే సిరంజిని నలుగురు పంచుకున్నప్పుడు ఒకరి రక్తంలోని క్రిమి మరొకరికి చేరుతుంది. దేశంలో వయోజనులలో హెచ్.ఐ.వి. సుమారు 0.2 శాతం కాగా, సూదితో మత్తు తీసుకునేవారిలో అది దాదాపు 9 శాతమని 2021 జాతీయ సర్వే తెలిపింది.

'తాగుబోతుకు, మత్తుమందు వాడేవాడికి మాత్రలిచ్చి ఏం లాభం? సక్రమంగా వేసుకోడు కదా' అనే వారున్నారు. ఈ అభిప్రాయాన్ని కెనడాలోని వాంకోవర్ వైద్యులు పరిశీలించారు. సూది అలవాటు ఉన్నవారిలో మందులకు లొంగని క్రిమి ఇతరులలో కన్నా ఎక్కువగా పుట్టడం లేదని 2005లో ప్రకటించారు. అంటే క్రిమిని మొండిగా మార్చేది సూది కాదు, మధ్యలో తప్పిన మాత్రలు. మాత్ర తప్పడానికి ఇంటి పరిస్థితులు కూడా కారణమవుతాయి.

రెండు గదుల ఇంట్లో పదిమంది ఉంటారు. మందు సీసా ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు అడుగుతారు. చుట్టాలు వచ్చిన వారం మాత్ర వేసుకోవడం కుదరదు. తండ్రి కోపంతో ఇంటి నుండి వెళ్ళగొడితే మందు ఇంట్లో, మనిషి వీధిలో ఉంటారు. పోలీసులు పట్టుకెళ్ళితే తాను రోగినని చెప్పుకునే ధైర్యం ఉండదు. అందుకే ఇంట్లో నమ్మకమైన ఒక్కరికైనా, తల్లికి గాని, భార్యకు గాని, అన్నకు గాని, విషయం తెలిసి ఉండాలి. వారు మాత్ర వేళను గుర్తుచేయాలి, నెల మందు అయిపోకముందే ఆసుపత్రికి తోడు వెళ్ళాలి.

'పెళ్ళి చేస్తే దారికొస్తాడు' అని తొందరపడే తల్లిదండ్రులు ముందుగా పరీక్ష చేయించాలి. విషయం దాచి నికాహ్ జరిపించడం ఒక ఆడబిడ్డకు చేసే అన్యాయం. చికిత్సతో రక్తంలో క్రిమి పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలిచినవారి నుండి దాంపత్యం ద్వారా అది సోకదని వైద్యశాస్త్రం నిర్ధారించింది. కనుక నిజం చెప్పి, చికిత్స తీసుకుని సంసారం చేసుకునే మార్గం మూసుకుపోలేదు.

రమజాన్ నెలలో ప్రత్యేక జాగ్రత్త వహించాలి. రోజుకు ఒకే మాత్ర అయితే ఇఫ్తార్ తరువాత గాని, సహరీలో గాని, ప్రతిరోజూ అదే వేళకు వేసుకోవచ్చు. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవారికి డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు అవసరం, వారు రెండు వేళలనూ పాటించాలి. గ్యాస్ మందులు, ఐరన్, కాల్షియం మాత్రలు డోలుటెగ్రావిర్ ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. ఎంత వ్యవధి ఉంచాలో వైద్యుని అడగాలి. నీరసించిన రోగికి ఉపవాసం నుండి ధర్మం సడలింపు ఇచ్చింది. రోజా కోసం మందు మానవద్దు.

వ్యసనానికి కూడా చికిత్స ఉన్నది. హెరాయిన్ వంటి మత్తుకు అలవాటుపడినవారికి నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్‌ను ప్రభుత్వ కార్యక్రమం క్రింద ఇస్తారు. సూది మానితే మాత్ర వేళ కూడా కుదురుతుంది. తన వాడకానికి, లేదా కొద్ది మోతాదు మత్తుమందుకు సంబంధించిన కేసు ఉన్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వస్తే, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ విచారణ నుండి రక్షణ కల్పిస్తుంది. అయితే ఆ చికిత్సను పూర్తి చేయాలి. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం రోగి అనుమతి లేకుండా అతని స్థితిని బయటపెట్టరాదు, ఉద్యోగంలో గాని, వైద్యంలో గాని వివక్ష చూపరాదు. హెచ్.ఐ.వి. సలహాకు 1097, వ్యసన విముక్తికి 14446 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ విషయం మీతో చెప్పుకుంటే అది మీ వద్ద ఉంచిన అమానత్. దానిని బంధువులలో, బస్తీలో పంచకండి. ఆ రోజు మాత్ర వేసుకున్నాడా లేదా అని మాత్రం ప్రేమగా అడగండి.