వేదిక మీది కంప్యూటర్‌ను ర్యాక్‌లో ఎందుకు బిగిస్తారు?

కచేరీలో కీబోర్డ్ వాయించేవారి పక్కన ఒక్కోసారి ర్యాక్ అనే నల్లటి పెట్టె కనిపిస్తుంది. అందులో ఉండేది కంప్యూటరే కావచ్చు. మీటలు నొక్కగానే పియానో, వయొలిన్ స్వరాలు పలికించేది అదే.

మరి దాన్ని పెట్టెలో బిగించడం ఎందుకు? ముఖ్యంగా ప్రయాణం కోసం. వ్యాను గతుకుల్లో ఎగిరిపడుతుంటే లోపలి కార్డులు స్లాట్లలో కదిలిపోతాయి, కేబుళ్లు వదులవుతాయి. పాట మధ్యలో శబ్దం ఆగిపోతే కళాకారుడికి అంతకన్నా నరకం లేదు. అందుకే ప్రతి కార్డునూ స్క్రూతో బిగిస్తారు. తిరిగే పళ్లెం ఉన్న హార్డ్ డిస్క్‌కు బదులు, కదిలే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీ పెడతారు.

ర్యాక్ పరికరాల ముందుపలక వెడల్పు 19 అంగుళాలు. ఎత్తును ‘యూ’లలో లెక్కిస్తారు. ఒక యూ అంటే 1.75 అంగుళాలు. కంప్యూటర్‌కు 4 యూ, అంటే 7 అంగుళాల ఎత్తున్న కేస్ మేలని నా అభిప్రాయం. ఎత్తు తగ్గితే చిన్న ఫ్యాన్లే పడతాయి. అవి చాలినంత గాలి తోలాలంటే వేగంగా తిరగాలి. ఆ రొద మెల్లని ఆలాపనలో వినిపిస్తుంది.

ముందుపలకకు నాలుగు స్క్రూలు వేస్తే సరిపోదా? సరిపోదు. బరువంతా వాటి మీదే పడి రేకు వంగుతుంది. కాబట్టి ఆ కేస్ కింద పక్కపట్టీలో, అరో తప్పనిసరి.

స్విచ్ వేసే ముందు ర్యాక్ మూతలు ముందూ వెనకా తీసేయాలి. ముందు నుంచి చల్లగాలి లోపలికి, వెనక నుంచి వేడిగాలి బయటికి పోవాలి కదా!