కారు సీటుకు వెచ్చదనం ఎక్కడిది?

సీటు తొడుగుకూ దాని కింది ఫోమ్‌కూ మధ్య పలుచని మ్యాట్ ఒకటి ఉంటుంది. అందులో మెలికలు తిరిగిన సన్నని తీగో, కార్బన్ పోగులో పరిచి ఉంటాయి. కరెంటు పారితే అవి వేడెక్కుతాయి. ఇస్త్రీపెట్టెలో జరిగేదీ ఇదే, మోతాదే తక్కువ. మ్యాట్ నిరోధం 3 ఓమ్‌లనుకుంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 4 ఆంపియర్లు లాగుతుంది, అంటే 48 వాట్లు. ఒంటికి ఆనుకునే ఉంటుంది కనుక ఆ కాస్త వేడే చాలు. ఇంజిన్ వేడి అందని ఎలక్ట్రిక్ కార్లలో ఇది మరీ కలిసొస్తుంది, లోపలి గాలినంతా వేడిచేయాలంటే కిలోవాట్లు ఖర్చవుతాయి మరి.

కాడిలాక్ 1966 మోడల్‌లోనే ఈ సౌకర్యం ఇచ్చింది. చలిదేశమైన స్వీడన్‌లో సాబ్ కంపెనీ 1970ల ఆరంభంలో దీన్ని అందుకుంది.

వేడి హద్దు దాటకుండా మ్యాట్‌లోని థర్మిస్టర్ కాపలా కాస్తుంది. అది చెడితే సీటు మరీ వేడెక్కి కాలే ప్రమాదం ఉంది. మధుమేహంతోనో వెన్నుపాము దెబ్బతోనో స్పర్శ తగ్గినవారికి సీటు మరీ వేడెక్కినా తెలియదు, చర్మం కాలాకే తెలుస్తుంది. అలాంటివారు దీన్ని వాడకపోవడమే మేలు.

రెండు సీట్లూ ఒకేసారి చల్లబడితే ముందు ఫ్యూజు చూడాలి. అదే ఆంపియర్ల ఫ్యూజు వేసినా మళ్లీ పోయిందంటే ఎక్కడో షార్టయినట్టే, ఇక సొంత ప్రయత్నాలు మానాలి. ఒక్క సీటే పనిచేయకపోతే చాలాసార్లు తీగ తెగి ఉంటుంది. వెనక సీట్లోని సంచి అందుకోవడానికి ముందు సీటు మీద మోకాలు ఆనించడం దానికి పెద్ద శత్రువు. తెగిన కొసలు తగిలీ తగలక నిప్పురవ్వలు పుట్టిస్తే అక్కడొక్కచోటే వేడి పోగవుతుంది. తొడుగు మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ కనిపించినా, కాలిన వాసన వచ్చినా స్విచ్ ఆపి, ఆ ఫ్యూజు పీకేసి, బండిని వర్క్‌షాపుకు తీసుకెళ్లాలి.

నిజానికి మ్యాట్ మార్చడం బ్రహ్మవిద్యేమీ కాదు. చిక్కంతా దాని పక్కనున్నవాటితోనే. చాలా కార్లలో సీటు పక్క ఎయిర్‌బ్యాగూ, ముందు ప్రయాణికుడి బరువు పసిగట్టే సెన్సరూ అదే సీటులో ఉంటాయి. సీటు కింద కనిపించే పసుపు కనెక్టర్ సాధారణంగా ఎయిర్‌బ్యాగుదే. దాన్ని కదిలిస్తే ఎయిర్‌బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది, లేదా అవసరమైనప్పుడు తెరుచుకోకపోవచ్చు. తెలిసిన మెకానిక్ బ్యాటరీ తీగ విప్పి కాసేపు ఆగాకే సీటు ముట్టుకుంటాడు. మల్టీమీటర్‌తో మ్యాట్ నిరోధం కొలుస్తాడు. తీగ తెగిందని తేలితే అతుకు వేయడు, మ్యాటే మారుస్తాడు. పని పూర్తయ్యాక డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతూనే ఉంటే బండి ఇంకా సిద్ధం కానట్టే.