ముందు సొమ్ము, వెనుక బొమ్మ

కర్నూలు, కడప సీమల పల్లెలలో బొమ్మ యనగా ఒకనాడు అంగడి సరకు కాదు. చినిగిన చీర చెంగు, రైకలు కుట్టగా మిగిలిన పీలికలు, గింజ తీసిన పిడికెడు పత్తి, కాస్త నల్లదారము - ఇంతే దానికి కావలసిన సంభారము. ఎండ తగ్గువేళకు అవ్వ అరుగుమీద కూర్చుండి మొదలుపెట్టిన బొమ్మ దీపాలవేళకు మనుమరాలి చంకలో ఉండెడిది. ఒక చేయి పొడుగు, ఒక చేయి పొట్టి అయినను అడుగువారు లేరు. కన్ను ఊడినచో మరునాడు మరల కుట్టుదురు. ఆ బొమ్మకు పటము లేదు, లెక్క లేదు, గడువు లేదు. కనుక ఆలస్యము అను మాటయే లేదు.

నేటి మెత్తని బొమ్మలలో కొన్ని వేరొక త్రోవను వచ్చుచున్నవి. ఒక చిత్రకారుడు ఒక జంతువు బొమ్మను కాగితముమీద గీయును. ముచ్చటగా ఉండును. దానిని అంతర్జాలమున పెట్టి, "ఇట్టి బొమ్మను నిజముగా చేయింపదలచినాను, ముందుగా సొమ్ము పంపువారికి ఆరునెలలలో బొమ్మ అందును" అని ప్రకటించును. ఊరూరి నుండి వందలమంది తలకొంత పంపుదురు. ఇట్లు పదుగురి సొమ్ము కూర్చుటకై వెలసిన సంస్థలలో మిక్కిలి పేరుపడినది అమెరికాలోని కిక్‌స్టార్టర్. అది 2009లో ఆరంభమైనది. మన దేశమునకు ఈ పద్ధతి అంతకు ముందే తెలియును. 1976లో శ్యామ్ బెనగల్ తీసిన 'మంథన్' చిత్రమునకు గుజరాతు పాడి రైతులు 5 లక్షలమంది తలకు 2 రూపాయలు ఇచ్చిరి. ఆ చిత్రము పూర్తియైనది, రైతులు బండ్లు కట్టుకొని వెళ్లి చూచిరి. కాని చిత్రము తీయువారికి చిత్రము తీయుట ముందే వచ్చును. బొమ్మ గీయువారికి బొమ్మ కుట్టించుట వచ్చునా అనునదే ఇచ్చటి ప్రశ్న.

ఈతన్ మాలిక్ అను అమెరికా ఆచార్యుడు కిక్‌స్టార్టర్‌లో సొమ్ము కూడిన వస్తునిర్మాణ యత్నములను పరిశీలించి 2014లో ఒక వ్యాసము ప్రకటించెను. నూటికి 75 కంటె ఎక్కువ యత్నములు చెప్పిన గడువు దాటినవని అందు తేలినది. మరుసటి సంవత్సరము ఆయనయే చేసిన మరియొక పరిశీలనలో, నూటికి 9 యత్నములు మాట ఇచ్చినది ఈయజాలకపోయినవని వెల్లడియైనది. అనగా మోసము తక్కువ, ఆలస్యము ఎక్కువ. ఈ తేడాను గుర్తింపక, బొమ్మ రానివారందరు "దొంగ" అని కేకలు వేయుట కద్దు. దొంగకు గడువు తప్పుటలో బాధ లేదు. ఇచ్చట బాధపడువారిలో బొమ్మ చేయించువాడును ఒకడు.

ముందు సొమ్ము, వెనుక వస్తువు అనునది కర్నూలు, కడపలకు క్రొత్త సంగతి కాదు. సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి కడప దాక తెచ్చిన 306 కిలోమీటర్ల కె.సి. కాలువ అట్లు పుట్టినదే. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అను పేర ఇంగ్లండులోని జనులనుండి వాటాల సొమ్ము కూర్చి, 1863 - 70 సంవత్సరముల మధ్య దీనిని త్రవ్వించిరి. పది లక్షల పౌనులపై నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వము పూచీ పడెను. కాగితముమీది అంచనాకును రాతినేలకును పొత్తు కుదరలేదు. కూడిన సొమ్ము చాలక ప్రభుత్వమే అప్పు పెట్టవలసివచ్చెను. పైపెచ్చు కాలువ వచ్చిన పిమ్మట నల్లరేగడి రైతులు అనుకొన్నంతగా నీరు తీసికొనలేదు. పత్తి పండు ఆ నేల వానకే చాలునని వారి లెక్క. తుదకు 1882లో ప్రభుత్వము కంపెనీ నుండి కాలువను కొనివేసెను. లండనులోని వాటాదారునకు పూచీ ఉండెను గనుక అతడు పెద్దగా నష్టపడలేదు. బొమ్మకై సొమ్ము పంపిన తల్లికి అట్టి పూచీ లేదు. ఆమె కొనుగోలుదారు కాదు, వాటాదారును కాదు. తాము అంగడి కామని కిక్‌స్టార్టర్‌వారే 2012లో ప్రకటించియున్నారు.

ఇక బొమ్మ ఎచ్చట ఆగిపోవుచున్నదో చూడవలెను. మెత్తని బొమ్మకు వాడునది మఖమలువలె నూగుగల బట్ట. దీనినే ప్లష్ అందురు. కాగితముమీద గీసిన ఎలుగుబంటి చదునైనది. కుట్టవలసినది గుండ్రనిది. బంతిని మడతలు పడకుండ కాగితముతో చుట్టుట అసాధ్యమని రేఖాగణితము చదివిన ప్రతి విద్యార్థి ఎరుగును. నారింజ తొక్కను పలకలుగా ఒలిచి పరచినట్లు, గుండ్రని తలను కొన్ని ముక్కలుగా విడదీసి, ఆ ముక్కలను చదునైన బట్టలో కత్తిరించి, మరల కలిపి కుట్టవలెను. ఇందులో చెవి ఎచ్చట కలియును, ముక్కు క్రింది అతుకు ఎటు పోవును అనునది నిర్ణయించుట కుట్టుపనిలో తల నెరసినవారికే సాధ్యము. దూది కూరగనే బట్ట సాగును, బుగ్గలు వెడల్పగును, కన్నులు ఒకదానికొకటి దూరమగును. పటములో చిలిపిగా నవ్విన ఎలుగు నమూనాలో పంటినొప్పి పడినట్లుండును! అప్పుడు ముక్కలు మార్చి రెండవ నమూనా, అదియు కుదరనిచో మూడవది. కర్మాగారము దూరదేశమున ఉన్నచో ఒక్కొక్క నమూనా వచ్చి పోవుటకే వారములు పట్టును.

నూగుకు ఒక వాలు కలదు. పిల్లి వీపును నిమిరినట్లు ఒకవైపు నిమిరిన నునుపుగాను, ఎదురు నిమిరిన గరుకుగాను ఉండును. బట్ట పొదుపు చేయవలెనని ముక్కలను అటునిటు త్రిప్పి కత్తిరించినచో, ఒకే బట్టతో కుట్టిన రెండు కాళ్లు రెండు రంగులవలె కనబడును. నిజమునకు రంగులోనే తేడా వచ్చుటయు కలదు. అద్దకములో ఒక వాయికిని మరియొక వాయికిని ఛాయ కొంచెము మారుననుట నేతపని ఎరిగిన ఎమ్మిగనూరువారికి చెప్పనక్కరలేదు. నమూనా ఒక వాయి బట్టతోను, వేయి బొమ్మలు మరియొక వాయి బట్టతోను తయారైనచో, పసుపుపచ్చ కుక్కపిల్ల నిమ్మపండు ఛాయలో వచ్చి నిలుచును. నమూనాను కుట్టినది ఒక నేర్పరి చేయి. వేయింటిని కుట్టునవి అనేకుల చేతులు. ఈ సంగతి మొదటిసారి చేయించువానికి పెట్టెలు విప్పిన తరువాత గాని తెలియదు.

తరువాతి చిక్కు లెక్కది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో నల్లబల్లపై వేయవచ్చును. 800 మంది తలకు 600 రూపాయల వంతున పంపినారనుకొనుడు. 4,80,000 రూపాయలు కూడినవి. బొమ్మ ఒక్కంటికి 350 రూపాయల కూలి, సరకు, అది 2,80,000. బొమ్మను ఇంటికి చేర్చుటకు 100 వంతున 80,000. సొమ్ము వసూలు చేసిన సంస్థకును బ్యాంకుకును నూటికి 10 వంతున 48,000. మిగిలినది 72,000, లాభమే కదా అని తోచును. కాని కర్మాగారమువారు, "వేయికి తక్కువైనచో బట్ట నేయించుట మాకు గిట్టదు" అందురు. అడుగనివారి కొరకు 200 బొమ్మలు అదనముగా చేయింపవలెను, అది 70,000. చేతిలో మిగిలినది 2,000 రూపాయలు. ఇంకను రెండవ నమూనా ఖర్చు లేదు, పరీక్షల రుసుము లేదు, ఓడ కిరాయి లేదు. ఈ లెక్కలో ఎవరును దొంగిలింపలేదు. 800 మంది ఎవరైరి అనునది బొమ్మ ధర నిర్ణయించిననాడు తెలియకపోవుటయే ఇందలి లోపము.

ధర ఒకసారి ప్రకటించిన తరువాత లోకము ఊరకుండునా? చైనాలో కర్మాగారములు వారి నూతన సంవత్సరమునకు కొన్ని వారములు మూతపడును. ఆ సంగతి ఎరుగక జనవరిలో పని ఒప్పగించినవారి గడువు అచ్చటనే తప్పును. 2021లో కరోనా కాలపు ఒడుదుడుకులచే ఓడ కిరాయిలు పలురెట్లు పెరిగినవి. మన దేశమున బొమ్మల దిగుమతి సుంకము 2020 ఫిబ్రవరిలో నూటికి 20 నుండి 60కిని, 2023లో 70కిని పెరిగినది. పాత ధరకు మాట ఇచ్చినవాడు క్రొత్త సుంకము కట్టవలసినదే.

ఇచ్చట ఒక ప్రాత కథ చెప్పుకొనవలసియున్నది. జర్మనీలోని గీంగెన్ పట్టణమున మార్గరెటె ష్టైఫ్ అను ఆమెకు పసితనముననే పోలియో సోకి కాళ్లు పడిపోయినవి, కుడిచేయి బలహీనపడినది. కుట్టుపని నేర్చి చక్రముల కుర్చీలో కూర్చుండియే జీవనము సాగించుచు, 1880లో ఉన్ని బట్టతో చిన్న ఏనుగులు చేసెను. అవి సూదులు గ్రుచ్చుకొనుటకు ఉద్దేశించినవి. పిల్లలు వానిని బొమ్మలుగా లాగుకొనిరి. ఆమె అన్నదమ్ముల బిడ్డ రిచర్డు 1902లో కాళ్లు చేతులు కదలు ఎలుగుబొమ్మను రూపొందించెను. 55 పి.బి. అని దాని గుర్తు. 1903లో లైప్‌జిగ్ సంతలో ఒక అమెరికా వర్తకుడు 3,000 కావలెనని అడిగెనని ఆ సంస్థ చరిత్ర చెప్పును. ఆ మొదటి బొమ్మలలో ఒక్కటియు నేటికి మిగిలినట్లు కానరాదు. వాని కీళ్లు దారముతో కట్టినవి, ఆడుకొనుకొలది వదులగుచుండెడివి. తరువాతి నమూనాలలో కీళ్ల పద్ధతిని మరల మరల మార్చిరి. 1907 నాటికి ఆ సంస్థ ఏటికి 9,74,000 ఎలుగుబొమ్మలు చేయగలిగినది. ఏనుగు నుండి ఎలుగు దాక 22 సంవత్సరములు గడచినవనుట గమనింపదగినది. తప్పులు వారును చేసిరి. తమ దుకాణములో, తమ సొమ్ముతో చేసిరి.

కన్నుల విషయము వేరుగా చెప్పవలెను. అవ్వ నల్లదారముతో కన్ను కుట్టుటకు కారణము బీదతనమే కావచ్చును గాని, నేటి నిపుణులు పసిపిల్లల బొమ్మలకు చెప్పుచున్నదియు అదియే. నున్నని ప్లాస్టికు కన్ను అందముగా మెరయును. ఊడినచో పసివాని గొంతుకు అడ్డుపడును. ఐరోపా ప్రమాణము ప్రకారము అట్టి కన్నును 90 న్యూటన్ల బలముతో, అనగా సుమారు 9 కిలోల బరువు వ్రేలాడదీసినట్లు లాగి చూతురు. అప్పటికిని ఊడరాదు. అతుకులను గూడ లాగి చూతురు. లోని దూది బయటపడినచో బొమ్మ తప్పినట్లే. పరీక్షలో తప్పిన బొమ్మకు మరల మొదటినుండి నమూనా, మరల రుసుము. ఈ ఆలస్యమును నిందించుట తగదు.

మన దేశములో బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2020లో వెలువడి, 2021 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది. దానినిబట్టి బొమ్మలకు భారత ప్రమాణముల సంస్థ ముద్ర ఉండవలెను. హస్తకళల అభివృద్ధి కమిషనరు వద్ద నమోదైన కళాకారుల బొమ్మలకును, భౌగోళిక గుర్తింపు పొందినవారి సరకునకును మినహాయింపు కలదు. కొండపల్లికి, ఏటికొప్పాకకు అది ఊరట. కర్నూలులోనో ప్రొద్దుటూరులోనో పదిమంది స్త్రీలు కుట్టుమిషన్లు పెట్టుకొని ఎలుగుబొమ్మలు కుట్టి అమ్మదలచినచో, అట్టి నమోదు లేనిదే వారికి ముద్ర తప్పదు. పసివాని గొంతు సంగతి కనుక నియమమును తప్పుపట్టుటకు వీలులేదు. కాని ఆ ఖర్చు వేయి బొమ్మలపై పడుటకును పదివేల బొమ్మలపై పడుటకును ఎంతో అంతరమున్నది.

పత్తికి ఈ సీమలో కొరత లేదు. ఆదోని పత్తి బజారు దేశమెరిగినది. నంద్యాల ప్రాంతపు పత్తి తెల్లదొరల కాలములో 'నార్దరన్స్' అను పేర ఎగుమతియగుచుండెడిది. పదుగురి సొమ్ము కూర్చి పని నడుపుటయు తెలియనిది కాదు. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించెను. అచ్చట సొమ్ము క్రొత్తగా కూడినది గాని మగ్గము పాతది. నేయు చేతులు తరతరములుగా నేసినవి. నేటి బొమ్మల యత్నములలో జరుగుచున్నది దీనికి తలక్రిందులు. సొమ్ము ఒక వారములో కూడుచున్నది, చేతులను తరువాత వెదకుచున్నారు.

ఇన్నియు దాటి వేయి బొమ్మలు తయారైనవనుకొందము. కట్టలు కట్టుటకు ముందు ఒక్కొక్క బొమ్మను లోహమును పసిగట్టు యంత్రము క్రింద నడిపింతురు. కుట్టునపుడు విరిగిన సూదిమొన ఒక్కటి లోపల ఉండిపోయినను యంత్రము మ్రోగును. అప్పుడు ఆ పెట్టెను ప్రక్కకు లాగి, కుట్లు విప్పి వెదకి, మొన దొరకిన పిమ్మట గాని తక్కినవానిని పంపరు. ఒక దినము, రెండు దినములు అట్లు గడచును. తరువాత గాలి తీసి అణచి కట్టిన సంచులలో బొమ్మలు ఓడ ఎక్కును, రేవులో దిగును, సుంకపు కచేరీలో కాచుకొనును, తపాలా సంచిలో ఊరు చేరును. ఆ పెట్టె గుమ్మములో దిగునాటికి, బొమ్మ కావలెనని మారాము చేసిన పిల్ల ఒక తరగతి పైకి వెళ్లియుండును.