పాత యింటి మరమ్మతు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలందురు. ఈ రెండు పనులును ఎంత శ్రమతోను, ఎంత వ్యయముతోను గూడినవో తెలుపుటకే ఈ సామెత పుట్టినది. కాని కట్టిన యింటిని నిలుపుకొనుటను గూర్చి సామెత యేమియు చెప్పలేదు. ఇల్లు కట్టుట సాధారణముగా జీవితములో ఒకమారు చేయు పని. నిలుపుకొనుట యేటేట చేయవలసిన పని. మొదటిదానికి ధనము ముఖ్యము. రెండవదానికి శ్రద్ధ ముఖ్యము. ఆ శ్రద్ధను చిన్ననాటనుండియే అలవరచుకొనవచ్చును.

ఖమ్మము జిల్లాలో సత్తుపల్లి యను పట్టణము కలదు. దానికి తూర్పున అశ్వారావుపేట వైపునను, ఉత్తరమున భద్రాచలము వైపునను అడవులు వ్యాపించి యున్నవి. దక్షిణమున కొలదిదూరములోనే ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. ఈ ప్రాంతమున సంవత్సరమునకు వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వర్షము కురియును. అందు అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే పడును. నేడు ఊరూర కాంక్రీటు మేడలు పెరిగినను, మట్టిగోడలు, టేకు దూలములు, పెంకుల కప్పు గల పాత యిండ్లు ఇంకను నిలిచియున్నవి. అట్టి యిల్లొకటి కొన్నేండ్లు తాళము వేసి యుండి, పిదప ఒక కుటుంబమునకు నివాసమైన దనుకొందము. గోడలపై మరకలు, నేలపై కదలు బండలు, మూయరాని తలుపులు, గుమ్మమునకు చెదలు కనబడుచున్నవి. పని యెక్కడ మొదలు పెట్టవలెను?

చాలమంది మొదట గోడలకు రంగు వేయింతురు. అది రోగమును విడిచి వస్త్రములు మార్చుట వంటిది. పాత యింటికి వచ్చు రోగములలో అధికభాగమునకు మూలకారణము నీరు. గోడ యుబ్బుట, సున్నము రాలుట, కఱ్ఱ పుచ్చుట, చెదలు పట్టుట మొదలగు వానిని వెదకుచు పోయినచో తుదకు ఎక్కడనో తేమ కనబడును. కాబట్టి నీరు వచ్చు దారిని కనుగొనుట మొదటి పని. దానిని మూయుట రెండవ పని. అందము తరువాతి మాట.

ఆ నీటి పరిమాణమును ఒకమారు లెక్క వేయుడు. ఒక చదరపు మీటరు స్థలముపై ఒక మిల్లీమీటరు వర్షము పడినచో ఒక లీటరు నీరగును. ఇంటి కప్పు 50 చదరపు మీటర్లు, సంవత్సరపు వర్షము 1,000 మిల్లీమీటర్లు అనుకొనుడు. ఆ కప్పుపై పడు నీరు 50,000 లీటర్లు. అనగా 20 లీటర్ల బిందెలతో 2,500 బిందెలు! అందు నూరవ వంతు లోనికి దిగినను 500 లీటర్లు గోడలలోనికి, దూలములలోనికి పోవును. నానిన మట్టిగోడ రాత్రివేళ కూలి నిద్రించుచున్నవారు మరణించుట వానకాలమున మనము తరచుగా విను వార్తయే. పెంకు సర్దుట చిన్న పనియే కాని, దానిపై ఒక్కొక్కప్పుడు ప్రాణములే ఆధారపడి యుండును.

గోడపై తేమ యేవైపునుండి వచ్చినదో మరకయే చెప్పును. పైనుండి క్రిందికి జారిన మరక కప్పుదోషమును తెలుపును. నేలనుండి మోకాలి యెత్తువరకు ప్రాకి, పైన తెల్లని ఉప్పు పూసినచో అది నేలతేమ. వానలు లేని వేసవిలో కూడ ఒకేచోట తడి యారకున్నచో దగ్గరలో నీటిగొట్టము కారుచున్నదని యూహింపవచ్చును. సందేహమున్నచో జానెడు ప్లాస్టిక్ కాగితమును గోడకు ఆనించి, నాలుగంచులను గట్టిగా అతికించి, రెండు దినములు విడువుడు. కాగితమునకు గోడవైపున నీటిబిందువులు చేరినచో తేమ గోడలోనిది; గదివైపున చేరినచో గదిలోని గాలిది.

ఇక కప్పు సంగతి. కుమ్మరివారు చేయు గూనపెంకులు మన పల్లెలలో అనాదిగా నున్నవి. బెంగుళూరు పెంకులని మనము వాడుకగా పిలుచు బల్లపరపు పెంకులు తరువాత వచ్చినవి. వాని తయారీకి 1865వ సంవత్సరమున మంగుళూరులో బాసెల్ మిషన్ వారు స్థాపించిన కర్మాగారము ప్రసిద్ధమైనది. ఈ పెంకుల అంచులలో గాడులుండుటచే ఒకటి మరియొకదానిని పట్టుకొని యుండును. అయినను గాలివానలకును, అడవి విడిచి యూళ్ళలో చేరిన కోతులకును ఏ పెంకులును తట్టుకొనజాలవు. ఒక్క పెంకు జరిగినను చాలును. నీరు దారి కనుగొనును.

ఎండ కాయు మధ్యాహ్నమున తలుపులు, కిటికీలు మూసి లోపలనుండి కప్పును చూడుడు. సందు ఉన్నచోట సూర్యకాంతి చుక్కవలె మెరయును. ఆచోట వాసమునకు సుద్దతో గురుతు పెట్టించుడు. నీరు పడిన చోటనే సందుండునని తలపరాదు. నీరు వాసము వెంట కొంతదూరము జారి, పిదప చుక్కగా రాలును. కాబట్టి చుక్క పడినచోటునుండి కప్పు ఎత్తుగా నున్న వైపునకు వెదకవలెను. పగిలిన పెంకును మార్చునపుడు దానిపై వరుస పెంకును కొంచె మెత్తి, పగిలినదానిని తీసి, క్రొత్తదానిని లోనికి జొనుపవలెను. పై పెంకు క్రింది పెంకును కప్పుచుండవలెను గాని క్రింది పెంకు పైదానిని కప్పరాదు. ఈ క్రమము తప్పినచో మరమ్మతే నీటికి దారి యగును.

కప్పు పని పెద్దలది. మీరు క్రింద నిలిచి నిచ్చెన పట్టుకొనవచ్చును, పెంకులందింపవచ్చును. నిచ్చెన నాలుగు మీటర్ల యెత్తున ఆనినచో దాని పాదము గోడకు ఒక మీటరు దూరమున నుండవలెను. తడిసిన కప్పుపై ఎవ్వరును ఎక్కరాదు. సిమెంటు రేకుల కప్పుపై కాలు మోపుట మరింత ప్రమాదకరము. అవి చెప్పకయే విరుగును. ఆ రేకులలో సామాన్యముగా రాతినార కలిసియుండును. వానిని కోసినను, తొలిచినను లేచు దుమ్ము ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరము. వాని జోలికి పోరాదు.

కప్పు తరువాత గోడ. చూరునుండి పడు నీరు గోడమొదట నిలువకుండ, నేల యింటినుండి బయటికి వాలుగా నుండునట్లు మన్ను సర్దవలెను. ఒక పలుగు, ఒక పార, ఒక సాయంకాలము ఇందుకు చాలును. కాని గోడకు ఇంతకంటె గొప్ప మేలు వేరొకటి లేదు.

మట్టిగోడకు పెచ్చులూడినచో మట్టితోనే పూయవలెను. భద్రాచల ప్రాంతపు కోయవారు వెదురుదడికి మట్టి మెత్తి గోడలు నిర్మింతురు. అట్టి గోడలను మరల మరల అలికి కాపాడుకొందురు. ఆ పద్ధతిలోని సూత్రము అందరికిని పనికివచ్చును. మట్టిలో తరిగిన వరిగడ్డి కలిపి, నీరు పోసి త్రొక్కి, కొన్నిదినములు నాననిచ్చినచో గడ్డి నారవలె పనిచేసి బీటలు రాకుండ కాపాడును. పూయుటకు ముందు పాతగోడను తప్పక తడుపవలెను. పొడిగోడ క్రొత్త మట్టిలోని నీటిని ఒక్కమారుగా పీల్చివేయును. అప్పుడు అతుకు విడిపోవును.

ఇక్కడనే నేటికాలమున ఒక పొరపాటు విస్తారముగా జరుగుచున్నది. ఇంగ్లండు దేశస్థుడైన జోసెఫ్ యాస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు పొందెను. అదిమొదలు సిమెంటు లోకమంతట వ్యాపించినది. అది గట్టిది కావున దానిని పూసినచో మట్టిగోడయు గట్టిపడునని జనులు భావింతురు. కాని మట్టిగోడ తేమను పీల్చి, మరల గాలిలోనికి విడుచుచుండును. సిమెంటు పూత ఆ తేమను లోపలనే బంధించును. కొన్నేండ్లకు బయట పూత చక్కగా నుండగనే లోపలి గోడ మెత్తబడిపోవును. పిమ్మట పూత పలకలుగా ఊడిపడును. మట్టిగోడకు మట్టియో, సున్నమో తగిన తోడు.

సున్నము తయారగు విధానము మీరు తరగతిలో చదువు రసాయనశాస్త్రమే. సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో కాల్చినచో అందలి బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నము మిగులును. దానికి నీరు చేరినచో సలసల కాగి తడిసున్నమగును. గోడపై పూసిన పిదప అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మరల గ్రహించి, క్రమముగా రాయివలె గట్టిపడును. పూర్వము మేస్త్రీలు గానుగలో నూరిన సున్నమునకు బెల్లపునీరు, కరక్కాయనీరు కలిపి వాడెడివారు. సున్నము కాగుచున్నపుడు చిందినచో కన్నులకు ఎంతో ప్రమాదము. కాబట్టి పెద్దలే లోతైన ఇనుపతొట్టిలో ముందు నీరు పోసి, సున్నమును కొద్దికొద్దిగా వేయవలెను. ప్లాస్టిక్ పాత్ర పనికిరాదు. కంటిలో పడినచో వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి, వైద్యునికడకు పోవలెను. చల్లారి వడబోసిన సున్నమును పలుచగా రెండు మారులు పూయుట, చిక్కగా ఒకమారు పూయుటకంటె మేలు.

గోడలోని ప్రతి పగులును భయంకరమైనది కాదు. వెండ్రుకవాసి బీటలు పూత ఆరుటవలన కలుగును. రేగడినేల తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు ముడుచుకొనును. పునాది కదలి కిటికీ మూలలనుండి ఏటవాలు పగుళ్ళు బయలుదేరును. పగులు పెరుగుచున్నదో లేదో తెలిసికొనుటకు సులభోపాయము కలదు. పగులునకు అడ్డముగా ఒక కాగితపు పట్టీని జిగురుతో బిగువుగా అతికించి, దానిపై తేదీ వ్రాయుడు. కొన్ని నెలలకు పట్టీ చెక్కుచెదరకున్నచో పగులు పాతది, పూడ్చవచ్చును. చిరిగినచో గోడ కదలుచున్నదని యర్థము. మేస్త్రీని గాని, ఇంజనీరును గాని పిలువవలెను. సత్తుపల్లి చుట్టుపట్ల ఉపరితల బొగ్గుగనులు కలవు. ప్రేలుళ్ళ అదురు సోకు చోట్ల ఇట్టి పట్టీ మరింత ఉపయోగకరము. పగులు ఏ కాలమున పెరిగినదో తేదీతో చూపుటకు ఆ కాగితపు ముక్క తోడ్పడును.

కఱ్ఱపనిలో తొందర పనికిరాదు. వానకాలమున కఱ్ఱ తేమ పీల్చి ఉబ్బుటచే తలుపు బిగుసుకొనును. అప్పుడే చిత్రిక పట్టినచో వేసవిలో కఱ్ఱ ముడుచుకొని, తలుపునకు ద్వారబంధమునకు నడుమ వ్రేలెడు సందు ఏర్పడును. ముందు పై మడతబందు మరలు వదులైనవేమో చూడుడు. వదులైనచో మరను తీసి, రంధ్రములో సన్నని కఱ్ఱపుల్లను జిగురుతో దిగగొట్టి, మరల బిగించిన చాలును. అప్పటికిని అంచు రాచుకొనుచున్నచో క్రొవ్వొత్తి రుద్దుడు. చిత్రిక మాట వానలు వెడలి కఱ్ఱ ఆరిన తరువాత చూడవచ్చును. చెదలు కనబడినచోట మట్టిగొట్టములను గీకివేసినంతమాత్రమున పని ముగియదు. అవి ఏ తడిని ఆశ్రయించి వచ్చినవో వెదకి, ఆ తడిని నిలుపవలెను. స్క్రూడ్రైవరు మొనతో గ్రుచ్చినపుడు దూలము మెత్తగా దిగినచో అది వడ్రంగి చూడవలసినది.

నేలబండ కదలుచున్నచో దానిని లేపి, క్రింది మన్ను గీకి, ఇసుక పరచి, మరల దింపవలెను. మట్టము చూచుటకు ఒక పారదర్శకమైన గొట్టమును నీటితో నింపినచో చాలును. గొట్టములో బుడగలు లేకున్నచో నీరు రెండు కొనలందును ఒకే మట్టమున నిలుచును. గోడ నిలువును చూచుటకు దారమునకు కట్టిన తూకపుగుండు చాలును.

తన చేతికి తగని పనిని గుర్తించుటయు పనివాని లక్షణమే. విద్యుత్తు తీగలు, దూలములు, బరువు మోయు గోడలు, పునాదులు నేర్పరులకే విడువవలెను. పాత యింటి గోడ తడిసియున్నపుడు అందలి విద్యుత్తు మీటను తాకనే కూడదు. నేర్పరి వచ్చినపుడు దూరముగా పోక ప్రక్కన నిలిచి చూడుడు. తాపీ పట్టువిధము, వడ్రంగి కొలత తీయువిధము ఏ పుస్తకములోను పూర్తిగా దొరకవు. ఆ చేతులలో ఎంత విద్య యున్నదో ఒక పెచ్చును స్వయముగా పూసినవారికి బాగుగా తెలియును.

ఈ పనులకు ఋతుక్రమము కలదు. మే మాసములోపల కప్పును, చూరును సరిచేయవలెను. వానకాలమున ఎక్కడ కారినది, ఎక్కడ చెమ్మగిల్లినది చూచి, ఒక పుస్తకములో తేదీతో వ్రాసికొనవలెను. వానలు వెడలిన పిమ్మట గోడలు పూయవలెను, తలుపులు సరిచేయవలెను. సంక్రాంతినాటికి సున్నము వేసికొనవచ్చును. విద్యార్థులారా! ఆ పుస్తకమును వ్రాయు బాధ్యతను ఇంటిలో మీరు స్వీకరింపుడు. ఈ యేడు తొలివాన పడినపుడు ఒకమారు గదులన్నియు తిరిగి, కప్పువైపు చూడుడు.