బలం అక్కర్లేని మీట

ఇవాళ డెస్క్‌టాప్ కంప్యూటర్లో ప్రాసెసర్‌ను మార్చాలంటే సాకెట్ పక్కనున్న చిన్న మీటను ఎత్తి, మళ్ళీ దించాలి. ఆ మీట ఉన్నదే మన చేతి బలం ప్రాసెసర్ మీద పడకుండా ఉండేందుకు. అది పుట్టడానికి దశాబ్దాలు పట్టింది.

మన హైదరాబాద్‌లో 1967లో ఏర్పడిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో, ట్రాంబే అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 1969లో రూపొందించిన టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసి అమ్మింది. అప్పటి యంత్రాల్లో ప్రాసెసర్ ఒకే ముక్క కాదు, ఎన్నో ఎలక్ట్రానిక్ కార్డుల సముదాయం. ఏ కార్డు చెడిందో కనిపెట్టి దాన్ని లాగేసి, కొత్తది దూర్చేవారు.

1971లో ఇంటెల్ 4004తో ప్రాసెసర్ మొత్తం ఒక్క చిప్‌లో ఇమిడింది. దానికి 16 కాళ్ళు. 1978లో వచ్చిన 8086కు 40. 1989 నాటి 486కు 168. కాళ్ళు పెరిగేకొద్దీ సాకెట్‌లో కూర్చోబెట్టడానికి వేలితో గట్టిగా నొక్కాల్సి వచ్చేది. తీసేటప్పుడు ఒక మూల ముందు లేస్తే కాళ్ళు వంగిపోయేవి. ఈ బాధ తీర్చడానికే 'సున్నా బలపు' సాకెట్ వచ్చింది. మీట ఎత్తితే లోపలి లోహపు పట్లు వదులవుతాయి, చిప్ తన బరువుతోనే రంధ్రాల్లోకి జారుతుంది. మీట దించితే పట్లు బిగుస్తాయి.

2004లో ఇంటెల్ ఎల్‌జీఏ 775 సాకెట్‌తో ఆ కాళ్ళను, అంటే పిన్నులను, ప్రాసెసర్ నుంచి తీసి సాకెట్‌లో పెట్టింది. ఏఎండీ తన మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఆ మార్పు 2022లో, 1,718 పిన్నుల ఏఎం5తో చేసింది. ఇప్పుడు సున్నితమైన భాగం మదర్‌బోర్డు మీదే ఉంది. సాకెట్‌లో వేలు పెట్టకూడదు, గుడ్డతో తుడవకూడదు.

ఇంతకీ ప్రాసెసర్‌ను మార్చాల్సిన అవసరం నిజంగా ఎప్పుడొస్తుంది? జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం లాంటి చోట మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ప్రాసెసర్ మీది కూలర్‌లో దుమ్ము పేరుకుంటుంది, ఆ రెంటి మధ్యనుండే థర్మల్ పేస్ట్ ఎండిపోతుంది, కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతుంది. అప్పుడు 'ప్రాసెసర్ పోయింది' అనేస్తారు. నిజానికి ప్రాసెసర్ చెడిపోవడం అరుదు. కంప్యూటర్‌ను మెట్‌పల్లికో కోరుట్లకో మోసుకెళ్ళే ముందు, కూలర్ శుభ్రం చేసి పేస్ట్ మార్చి చూడండి. చాలాసార్లు అదే సరిపోతుంది.

నిజంగానే మార్చాలంటే, కొత్త ప్రాసెసర్‌కు మీ మదర్‌బోర్డు, దాని బయోస్ సరిపోతాయో తయారీదారు జాబితాలో చూసుకోండి. పాత పేస్ట్ అతుక్కుపోయి ఉంటుంది కనుక కంప్యూటర్‌ను కొన్ని నిమిషాలు నడిపి వేడెక్కనివ్వండి. తర్వాత షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కండి. మిగిలిన కరెంటు పోతుంది. చేతిని క్యాబినెట్ లోహానికి తాకించి ఒంటి మీది స్థిర విద్యుత్‌ను వదిలించుకోండి. స్థిర విద్యుత్ సుమారు 3,000 వోల్టులు దాటితే గానీ మనకు చురుక్కుమనదు, చిప్‌కు మాత్రం అంతకంటే ఎంతో తక్కువ చాలు. ఈ జాగ్రత్త పొడిగాలి వీచే చలికాలంలో మరీ ముఖ్యం.

కూలర్ స్క్రూలను ఎదురెదురు మూలల నుంచి కొద్దికొద్దిగా వదులు చేయండి. కూలర్‌ను నేరుగా లాగకుండా మెల్లగా అటూ ఇటూ తిప్పి విడదీయండి. పిన్నులు చిప్‌కే ఉండే పాత ఏఎండీలో, నేరుగా లాగితే మీట దించి ఉండగానే ప్రాసెసర్ కూడా ఊడివస్తుంది. మీట ఎత్తి, చిప్‌ను అంచులతో పట్టుకుని నిట్టనిలువుగా పైకి తీయండి. కొత్తదాని మూల మీది త్రికోణపు గుర్తును సాకెట్ గుర్తుతో కలిపి వదలండి. దానంతటదే కూర్చోవాలి. కూర్చోకపోతే నొక్కకండి, దిశ సరిచూడండి. మీట దించి, పైన పెసరగింజ కంటే కాస్త పెద్ద పేస్ట్ బొట్టు పెట్టి కూలర్ బిగించండి. ఫ్యాన్ తీగ కలపడం మరవకండి.

ఇదంతా డెస్క్‌టాప్ మాట. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నిటికీ ప్రాసెసర్ బోర్డుకే సోల్డర్ అయి ఉంటుంది, దాన్ని ఇంట్లో ముట్టుకోవద్దు. డెస్క్‌టాప్‌లో మాత్రం ఒకే నియమం: మీటను దించడానికి కాస్త ఒత్తిడి మామూలే, కానీ ప్రాసెసర్‌ను కూర్చోబెట్టడానికి బలం వాడాల్సి వచ్చిందంటే ఎక్కడో పొరపాటు జరిగింది. అక్కడే ఆగండి.