వెనక నుంచి గుద్దితే.. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఎవరికి పనికొస్తుంది?

వరి కోతలు, పత్తి తీతలు మొదలైతే ట్రాక్టర్లు రాత్రీ పగలూ రోడ్డు మీదే ఉంటాయి. యార్డులో ముందుగా కాటా పడాలని తెల్లవారుజామున మూడింటికే బయల్దేరే రైతులున్నారు. చీకటి, పైన మంచు. వెనక నుంచి లారీ వచ్చి ట్రాలీని గుద్దుతుంది. ట్రాలీ ఒరిగిపోతుంది, బస్తాలు పగిలి ధాన్యం రోడ్డు పాలవుతుంది. మనిషికి ఏమీ కాలేదు, అదే పదివేలు అనుకుని రైతు తేరుకుంటాడు. ఆ తర్వాత గుర్తొచ్చేది ఇన్సూరెన్సు. "ఏటా కడుతున్నాం కదా, ఎంతో కొంత వస్తుందిలే" అనుకుంటాడు.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఫైనాన్సు వాయిదాలు తీరేదాకా ట్రాక్టరుకు ఫుల్ ఇన్సూరెన్సు ఉంటుంది. అప్పు తీరాక ఖర్చు తగ్గించుకుందామని థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి ఊరుకుంటారు. చట్టప్రకారం అది చాలు. అయితే ఆ పాలసీ మీ బండి బాగుచేయడానికి పైసా ఇవ్వదు. పాలసీ తీసుకున్న మీరు ఒకటో పార్టీ, కంపెనీ రెండో పార్టీ. మీ బండి వల్ల నష్టపోయిన బయటివాడు మూడో పార్టీ. డబ్బు వచ్చేది వాడికే.

అయితే ఈ లెక్క అవతలి బండికీ వర్తిస్తుంది. లారీ వచ్చి మిమ్మల్ని గుద్దితే ఆ లారీ పాలసీకి మూడో పార్టీ మీరే. విరిగిన ట్రాలీకి, పోయిన ధాన్యానికి, తగిలిన దెబ్బలకు ఆ లారీ కంపెనీ నుంచి పరిహారం అడిగే హక్కు మీకుంది. మీ దగ్గర ఏ పాలసీ ఉందన్నదానితో దీనికి నిమిత్తం లేదు. ఆ సమయంలో మీకు పనికొచ్చేది మీ బీరువాలో ఉన్న కాగితం కాదు, ఆ లారీ క్యాబిన్‌లో ఉన్న కాగితం.

తప్పు ఎవరిది?

ముందు బండి ఉన్నట్టుండి ఆగినా తగలనంత దూరంలో వెనక బండి నడవాలన్నది రోడ్డు నిబంధన. 1989 నాటి నిబంధనల్లోనూ ఇది ఉంది, వాటి స్థానంలో 2017లో వచ్చిన వాటిలోనూ ఉంది. ముందు పోతున్న లారీకి పది పదిహేను అడుగుల దూరంలోనే వస్తూ ఒక కారు దాన్ని గుద్దింది. ఆ కేసులో తగిన దూరం పాటించలేదంటూ 2018లో సుప్రీంకోర్టు కారు వైపువారి క్లెయిమును కొట్టేసింది. కనుక వెనక నుంచి గుద్దినవాడిదే తప్పన్న మాట చాలావరకు నిలుస్తుంది.

ప్రతిసారీ నిలవదు. హైవే మీద సిగ్నల్ ఇవ్వకుండా కారుకు ఒక్కసారిగా బ్రేకు వేసిన కేసులో సగం బాధ్యత ఆ కారు డ్రైవరుదేనని 2025లో ఇదే సుప్రీంకోర్టు తేల్చింది. మన ట్రాలీలకు వచ్చే చిక్కు వేరు. వెనక లైటు ఉండదు. రేడియం స్టిక్కరు మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. పంక్చరైతే రోడ్డు మీదే జాకీ ఎత్తి, వెనకాల రెండు రాళ్లు పెట్టి పడుకుంటారు. ఇలాంటప్పుడు కంపెనీ వకీలు "ట్రాలీ కనిపించలేదు" అని వాదిస్తాడు. ఆ మాట కోర్టు నమ్మితే వచ్చే పరిహారంలో కోత పడుతుంది.

రోడ్డు మీద చేయాల్సిన పని

ముందుగా లారీ నంబరు రాసుకోవాలి. బళ్లు పక్కకు తీయకముందే సెల్‌ఫోనుతో ఫొటోలు తీయాలి. లారీ ముందు భాగం, ట్రాలీ వెనక భాగం, టైర్ల గుర్తులు, చెదిరిన బస్తాలు, అన్నీ కనపడేలా తీయాలి. ట్రాలీ వెనక లైటు వెలుగుతుంటే దాన్నీ ఫొటో తీయాలి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. 112కు ఫోను చేయాలి. డ్రైవరు లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాగితాలు చూపమని అడిగి ఫొటో తీసుకోవాలి. చూపకపోయినా గొడవ పడొద్దు. ప్రమాదంలో ఉన్న బండి ఇన్సూరెన్సు వివరాలను తగిన ఫీజు తీసుకుని పోలీసులుగానీ రవాణా కార్యాలయంగానీ బాధితుడికి ఇవ్వాలని మోటారు వాహనాల చట్టం 160వ సెక్షను చెబుతోంది. నంబరు ఒక్కటి చేతిలో ఉంటే మిగతావి రాబట్టవచ్చు.

లారీ ఓనరు మనుషులు వచ్చి "కేసెందుకు, ఈ ఐదు వేలు తీసుకో" అంటారు. చేతిలో డబ్బు లేని రైతు ఒప్పుకుంటాడు, రాసిచ్చిన కాగితం మీద సంతకం పెడతాడు. తీరా షెడ్డుకు తీసుకెళితే ఇరుసు వంగింది, షాసీ పగిలింది అంటాడు మెకానిక్. ఆ కాగితం అడ్డుపడుతుంది. రాజీ తప్పని నా అభిప్రాయం కాదు. నష్టం ఎంతో తేలకుండా రాజీ పడటం తప్పు.

పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోవాలి. ఫిర్యాదులో మనిషి దెబ్బలతోపాటు ట్రాలీ నష్టం, బస్తాల సంఖ్య కూడా రాయించాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండిని చూసి ఇచ్చే రిపోర్టు నకలు అవసరం. సరుకు విలువకు తూకం చీటీ, పంట అమ్మకం కాగితాలు దాచుకోవాలి. లారీ కంపెనీకి వెంటనే రిజిస్టరు పోస్టులో తెలియజేసి, తమ సర్వేయరు చూసుకోవడానికి అవకాశం ఇవ్వాలి. ఆ తర్వాతే రిపేరు. పాత సామాను పారేయకూడదు, బిల్లులు మీ పేరుతో ఉండాలి.

కోర్టు దూరం కాదు

పరిహారం కోరుతూ మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో ఓపీ వేయాలి. ఇది జిల్లా కోర్టు దగ్గరే ఉంటుంది. మనుషుల దెబ్బలకే కాదు, ఆస్తి నష్టానికీ ఇక్కడ అడగవచ్చు. ప్రమాదం వేరే జిల్లాలో జరిగినా మీరు నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలన్న గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలోకి వచ్చింది. పంట పని అయ్యాక చూద్దాం అనుకుంటే ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. వకీలు ఫీజుకు ఇబ్బంది ఉంటే న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి అక్కడ ఉచితంగా వకీలును పెడతారు. ఫోను నంబరు 15100.

ఆస్తి నష్టానికి లారీలు, కార్ల పాలసీల్లో మామూలుగా 7.5 లక్షల రూపాయల దాకా పరిమితి ఉంటుంది. ప్రీమియం కొంత తగ్గుతుందని 6 వేల పరిమితికే ఒప్పుకున్న ఓనర్లూ ఉంటారు. అలాంటప్పుడు మిగతాది ఓనరే కట్టుకోవాలి. ఇన్సూరెన్సే లేని బండి అయితే మొత్తం భారం ఓనరుదే.

బండి ఆగకుండా పారిపోయి, నంబరు దొరక్కపోతే ట్రాలీకి ఏమీ రాదు. మనిషి చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. దరఖాస్తు ఆర్డీవో కార్యాలయంలో ఇవ్వాలి.

మనమే గుద్దితే?

ముందు పోతున్న బండిని మన ట్రాక్టరు గుద్దితే అవతలివాడికి మన థర్డ్ పార్టీ కంపెనీ కడుతుంది. మన ఇంజను ముందు భాగం మనమే బాగుచేయించుకోవాలి. 24 గంటల్లో పోలీసులకు చెప్పాలి, కంపెనీకీ తెలపాలి. కంపెనీకి చెప్పకుండా పెద్దమనుషుల్లో తప్పు ఒప్పుకుని ఇంత ఇస్తామని మాట ఇస్తే, తర్వాత కంపెనీ మెలిక పెడుతుంది.

పాలసీ కాగితాన్ని ఈ రోజే తీసి చూడండి. ట్రాక్టరుకు ఉన్నా ట్రాలీకి విడిగా రాసి ఉందా? చాలామందికి ఉండదు. పాలసీ సొంత వ్యవసాయానికని ఉంటే, కిరాయికి ఇటుకలు, ఇసుక తోలినప్పుడు జరిగినదానికి కంపెనీ అడ్డం తిరుగుతుంది. ట్రాలీలో కూర్చున్న కూలీలు ఆ పాలసీ కిందకు వస్తారని కూడా అనుకోవద్దు. ఓనరు తానే నడుపుతూ చనిపోతే 15 లక్షలు ఇచ్చే ప్రమాద బీమా వేరుగా ఉంది. దానికి ఆర్‌సీ, లైసెన్సు రెండూ ఆ మనిషి పేరునే ఉండాలి. తండ్రి పేరున ఆర్‌సీ, స్టీరింగు మీద కొడుకు ఉంటే అది వర్తించదు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఈ తీరే.

ట్రాలీ వెనక లైటుకు వైరు లాగించి, రెండు మూలలా ఎర్ర రేడియం స్టిక్కర్లు అంటించడం షెడ్డులో ఒక పూట పని. సరుకు ఎత్తాక డోరు మీదుగా వేలాడే పరదా వాటిని కప్పేయకుండా చూసుకోవాలి.